నీరు దిగే మెట్లు

హోరు.

ముందుగా వినిపించేది హోరే. ఆనకట్ట పొడవునా తెల్లగా విరిగిపడే నది గొంతు అది. వినగా వినగా ఆ హోరు చెవికి అలవాటై, ఉండీ లేనట్టవుతుంది. అప్పుడు దాని అడుగు నుంచి మరొకటి పైకి తేలుతుంది.

గలగల.

సన్ననిది. ఆనకట్ట కుడి కొసన, గట్టును ఆనుకొని, రాతిమెట్ల మీదుగా ఒక్కొక్క మెట్టే దిగివచ్చే పలుచని నీటి పలుకు. కడిగిన రాయి మీద మాత్రమే నీరు అలా పలుకుతుంది.

ఆనకట్ట కాపరికి ఆ పలుకంటే ప్రాణం.

హోరు నదిది. గలగల నాది — అనుకొనేవాడు.

ఆ ఆనకట్టను కట్టిన పూర్వులు దయగలవారు. నదిని అడ్డుకున్నాము గదా, నదిలో తిరిగేవారి గతి ఏమిటని వారికి తోచింది. దిగువ నదికీ ఎగువ సరస్సుకూ నడుమ వాలుగా రాతిమెట్లు పేర్చారు. వాటి మీదుగా ఏ వేళనైనా కొంత నీరు పారేట్టు ఒక చిన్న తూము విడిచారు. చేపల మెట్లు అని పేరు పెట్టారు.

మనుషులు ఎక్కే మెట్లు కావవి. నీరు దిగే మెట్లు. నీటికి ఎదురేగేవారు ఎక్కవలసిన మెట్లు.

ఎవరైనా ఎక్కుతున్నారా?

అదీ ప్రశ్న.

నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అన్నారు పెద్దలు. నిజమే. మరి మిట్టను ఎరిగినవారెవరు? నీరంతా క్రిందికి పోతూ ఉంటే, ఆ నీటిలోనే పుట్టి, పైకి పోవాలని అనుకొనే ప్రాణికి ఆ బుద్ధి ఎవరు పుట్టించారు?

కాపరి ఆ ప్రశ్నను పళ్ళెంలో అన్నంలా ప్రతిరోజూ కలుపుకొనేవాడు. ముద్ద దిగేది. ప్రశ్న దిగేది కాదు.

తూర్పు తెల్లబడుతుండగా అతడు స్నానం చేసేవాడు. పొడిబట్ట కట్టుకొని, పెదవుల మీద భగవన్నామం, చేతిలో తీగల బ్రష్షు పట్టుకొని మెట్లు దిగేవాడు. క్రింది మెట్టు నుంచి పై మెట్టు దాకా తోముకుంటూ వచ్చేవాడు. ఎక్కడైనా వేలిముద్రంత పచ్చదనం కనబడితే చాలు, వంటింట్లో ఎలుకను చూసినట్టు చూసేవాడు.

నాచు అతనికి గిట్టదు.

అతనికి మునుపు అక్కడ పనిచేసినవాణ్ణి అందరూ కునికిపాట్ల కాపరి అనేవారు. ఆ మహానుభావుడు కుర్చీలో కూర్చుంటే కుర్చీకి వేళ్ళు దిగేవట. ఆయన హయాంలో మెట్ల మీద నాచు పరుపులా పెరిగింది. ఈ కాపరి కొలువులో చేరిన నెలంతా గీకుడే గీకుడు. నల్లని బండ బూడిదరంగుకు, బూడిదరంగు బండ తెలుపుకు తిరిగింది. వచ్చేపోయేవారు నిలబడి చూశారు. పనంటే ఇదీ అన్నారు.

ఆ నాటి నుంచి ఆ తెలుపు చెదరలేదు.

చేతులతో చేసే పూజకు వేరే పీట ఎందుకు? అతనికి ఆ మెట్లే పీట.

ఎగువ సరస్సులో ఒకప్పుడు మలుగులు ఉండేవి.

మలుగు చేపే. కాని చూడబోతే పాము. పొడవుగా, నున్నగా, పట్టుకుంటే పట్టు చిక్కక... సరస్సు అడుగు బురదలో ఏళ్ళకు ఏళ్ళు తపస్సు చేసినట్టు పడి ఉంటుంది. ఒకనాడు, ఏ గంట మోగుతుందో ఏమో, లేచి దిగువకు బయలుదేరుతుంది. ఆనకట్ట దూకి, నది వెంట, సముద్రం దాకా పోతుంది. సముద్రం నడిమి లోతుల్లో ఎక్కడో గుడ్లు పెట్టి అక్కడే తనువు చాలిస్తుంది.

పిల్లలు తిరిగి వస్తాయి.

తల్లి చూపని దారి. తండ్రి చెప్పని ఊరు. దబ్బనమంత పొడవు, దారమంత లావు. ఒళ్ళు అద్దంలా ఉండి, అవతలి గులకరాయి ఇవతలికి కనిపిస్తుంది. అంతటి అల్పప్రాణి అలలు దాటి, నదిలోకి మళ్ళి, ఏటికి ఎదురీది, ఆనకట్ట కాళ్ళ దగ్గరికి వచ్చి చేరుతుంది.

ఆ తరువాత?

ఆ తరువాతిది ఎవరికీ తెలియదు. తెలిసినదల్లా ఒక్కటే. సరస్సు జాలరుల వలల్లో మలుగులు తగ్గుతూ వచ్చాయి. ముందు పిల్లవి పడటం మానేశాయి. నడివయసువి పలుచబడ్డాయి. ముసలివి, దూలాల్లాంటివి, ఏటికి ఒకటో రెండో — పిమ్మట అవీ లేవు.

పోయేవి పోయాయి. వచ్చేవి రాలేదు.

ఎందుకు?

ఆ ఎందుకును సంచిలో వేసుకొని ఒక అమ్మాయి వచ్చింది. రబ్బరు బూట్లు, మెడలో చిన్న భూతద్దం, జుట్టు ముడిలో గుచ్చిన పెన్సిలు. చేపల మీద పెద్ద చదువు చదివిందట. కాపరి అక్క ఆమెకు చూసిన క్షణమే పేరు పెట్టింది — చేపల డాక్టరమ్మ.

ఈ అక్క ఒకప్పుడు బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పిన మనిషి. కొలువు ముగిశాక తమ్ముడి దగ్గరే ఉంటున్నది. సూదిలో దారం ఎక్కించినంత సులువుగా మాటలో చురక ఎక్కిస్తుంది.

డాక్టరమ్మ మెట్ల పై కొసన, నీరు సరస్సులో నుంచి తూములోకి మళ్ళే చోట, ఒక తొట్టి అమర్చింది. ఎక్కివచ్చిన ప్రాణి ఏదైనా ముందు అందులోకి చేరాలి. చూసి, లెక్కచూసి, సరస్సులోకి విడిచిపెడుతుంది.

ఆ తొట్టికి ఒక గడువు ఉన్నది.

పై కార్యాలయంవారికి ఆ మెట్ల మీద మనసు లేదు. వేసవిలో సరస్సు నీరు అటుగా వృథాగా జారిపోతున్నదని వారి బాధ. ఎవరూ ఎక్కని మెట్లు ఎందుకని వారి ప్రశ్న. ఈ వానల్లో ఒక్కటంటే ఒక్క ప్రాణి ఎక్కినట్టు కంటికి చూపిస్తే ఉంచుతామన్నారు. లేదా, వానలు వెనుకబట్టగానే తూముకు అడ్డంగా గోడ కట్టిస్తామన్నారు.

గోడ కడితే నీరు దిగదు. నీరు దిగకపోతే ఎవరూ ఎక్కరు. సముద్రానికీ సరస్సుకూ నడుమ మిగిలిన ఆ ఒక్క తడిదారి ఆరిపోతుంది.

కాపరి గుండెలో రాయి పడింది.

ఇన్నేళ్ళుగా తాను కడిగింది ఎవరి కోసం? వారు ఉన్నారా? ఉంటే, ఒక్కసారి — ఒక్కసారి చూడాలి.

ఉదయాన్నే తొట్టి మూత తీయడం ఇద్దరికీ నిత్యకృత్యమయింది. ఒకనాడు కప్ప. ఒకనాడు ఎండుటాకులు. ఒకనాడు ఎవరిదో చెప్పు.

"ఏం ఎక్కిందమ్మా ఇవాళ?" అక్క కిటికీలోంచి అడిగింది.

"చెప్పు, అత్తయ్యా."

"ఒకటేనా? జత ఎక్కాక పిలువు. నా కాలికి సరిపోతుందేమో చూస్తా."

డాక్టరమ్మ నవ్వింది. కాపరి నవ్వలేదు.

"చేపపిల్లకి ఈత నేర్పాలా అంటారు," అక్క వదలలేదు. "మీరిద్దరూ దానికి మెట్లెక్కడం నేర్పేట్టున్నారు."

ఆ రోజు నుంచి అతడు మెట్లను ఇంకా బాగా కడిగాడు.

వచ్చేవారు వస్తారు. వచ్చినప్పుడు వాకిలి శుభ్రంగా ఉండవద్దా? రాయిని తోమాడు. రాళ్ళ సందుల్ని తోమాడు. సందుల్లోని మట్టిని పుల్లతో గీకాడు. నీరు ఇంకా తేటగా పలికింది. గలగల... గలగల...

తొట్టి ఖాళీ.

మెట్ల క్రింద, నురగ అంచున, డాక్టరమ్మ భూతద్దానికి అప్పుడప్పుడు ఒక గాజుదారం మెరిసి మాయమయ్యేది. ఉన్నారు. వాకిలి దాకా వచ్చి ఉన్నారు. లోపలికి రావడం లేదు.

ఎందుకు రావడం లేదు?

నీటి వడి ఎక్కువా అనుకొన్నది డాక్టరమ్మ. తూమును తగ్గించి చూసింది. నీరు చల్లనా? వాలు నిటారా? ఆమె రాయిని తాకింది, వంగి వాసన చూసింది, మోకాళ్ళ మీద కూర్చొని నీటిలో చేయి పెట్టి చూసింది. పెన్సిలు కొరికింది.

కాపరి చూస్తూ నిలబడ్డాడు, చేతిలో బ్రష్షుతో.

వానలు ముదిరిన రోజుల్లో అతడు పడ్డాడు. మెట్ల మీద కాదు. ఇంటి గడప తట్టుకొని. చీలమండ వాచి గుమ్మడికాయంత అయింది.

"ఊళ్ళో రాళ్ళన్నీ కడిగావు," అక్క కట్టు కడుతూ అన్నది, "ఇంట్లో గడప కనబడలేదు నీకు."

"అక్కా, మెట్లు..."

"మెట్లు ఎక్కడికీ పోవు. వాటికి కాళ్ళు లేవు. నీకూ లేవు ఇప్పుడు. పడుకో."

"నువ్వైనా ఒకసారి..."

"నేను వంట చేస్తా. బట్టలుతుకుతా. నదిని తోమను."

అతడు మంచం మీద నుంచి కిటికీలోకి చూశాడు.

మొదట ఏమీ లేదు. తరువాత మెట్ల అంచుల్లో ఒక ఛాయ. ఛాయ మరకయింది. మరక పాకింది. వాన, మబ్బువెలుగు, వాన. పచ్చదనం రాయి నుంచి రాయికి మాట అందించుకొంటున్నట్టు పైపైకి వచ్చింది. అతనికి తన ఒంటి మీద పాకినట్టే ఉన్నది. కళ్ళు మూసుకొంటే మరీ పచ్చగా కనిపించింది.

నీటి పలుకు కూడా మారింది. గలగల మెత్తబడింది. గొంతు పట్టేసినట్టయింది.

అతడు తాళలేకపోయాడు.

అక్క అంగడికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం, కర్ర ఊతగా, ఒంటికాలితో, గట్టు మీదుగా పాకాడు. పై కొసన ఉన్న మెట్లే అందాయి. తొట్టి ముందరివి. బోర్లా పడుకొని చేయి చాచి వాటినే తోమాడు. అంతే, ఆ మాత్రమే. తెల్లని రాయి బయటపడింది. అతనికి ఊపిరి వచ్చింది.

"చొక్కా చేతులు తడిశాయేం?" వచ్చిన అక్క అడిగింది. "ఇంట్లో వాన పడిందా?"

అతడు గోడవైపు తిరిగి పడుకొన్నాడు.

వానలు వెనుకబట్టాయి. ఒకనాడు గట్టు మీద, మెట్లకు కాస్త దూరంలో ఒక లారీ వచ్చి ఆగింది. ఇటుకలు, ఇసుక, సిమెంటు బస్తాలు. గోడ కట్టడానికి మేస్త్రీలు దిగారు. పై కార్యాలయం నుంచి ఇంజనీరుగారు భోజనం చేసి వస్తారని కబురు.

ఆకాశం మూసుకొని ఉన్నది. ఎండ లేదు, వాన లేదు. నీరు సీసపు రేకులా ఉన్నది.

పెరటిలోకి వెళ్ళిన అక్క తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ముఖంలో చురక లేదు.

"తమ్ముడూ."

"ఏంటక్కా?"

"నీ మెట్లకి వెంట్రుకలొచ్చాయిరా." ఆగింది. "అవి కదులుతున్నాయి."

అక్క భుజం మీద చేయి వేసి అతడు గట్టు దాకా కుంటుకుంటూ వెళ్ళాడు. వంగాడు.

నాచు కదులుతున్నది.

కాదు. నాచులో కదులుతున్నవి.

వందలో, వేలో... దేవుడికెరుక. గాజుదారాలు. పచ్చని పరుపు పోగుల నడుమ ఒక్కొక్కటి ఒళ్ళు వంచి, ఒక పోగుకు నడుము ఆనించి, తలను ముందుకు తోసి, ఆగి, మళ్ళీ వంచి... నీరు వాటి మీదుగా దిగిపోతున్నది. అవి నీటి క్రింద ఎక్కుతున్నవి. కన్నుల రెండు నల్లని చుక్కలు తప్ప ఒళ్ళంతా వెలుగే. మెట్టు నిలువున అవి వ్రేలాడుతున్నవి — పట్టుకోవడానికి చేతులు లేవు, తన్నడానికి కాళ్ళు లేవు. పట్టుకొన్నది నాచు. పట్టు ఇచ్చింది నాచు.

కన్నీరు ఉన్నదో లేదో కాపరికే తెలియదు. ముఖమంతా తుంపరగా ఉన్నది.

వచ్చారు, అనుకొన్నాడు. వారున్నారు.

చూపు వాటి వెంట పైకి పోయింది. మెట్టు తరువాత మెట్టు, పచ్చ తరువాత పచ్చ... పైకి... ఇంకా పైకి...

ఆగిపోయింది.

పచ్చదనం ఆగిన చోట అవీ ఆగిపోయాయి. తెల్లని రాయి అంచున గుమిగూడి, జడలుగా అల్లుకొని, తటపటాయిస్తున్నవి. ఒకటి తెగించింది. కడిగిన నున్నని రాయి మీదికి తల చాచింది. ఒళ్ళు వంచింది. ఆనించడానికి ఏదీ లేదు. నీరు దాన్ని తుడిచి క్రిందికి విసిరింది.

ఇంకొకటి. అదీ పోయింది.

మరొకటి.

గలగల — అన్నది నీరు, ఆ తెల్లని రాయి మీద.

కాపరి ఆ పలుకు విన్నాడు.

ఇన్నేళ్ళూ విన్నాడు. ఇప్పుడు విన్నాడు.

అక్క కేకకు డాక్టరమ్మ పరుగున వచ్చింది, ఒక బూటు తొడుక్కొని, మరొకటి చేతిలో పట్టుకొని. చూసింది. చాలా సేపు చూసింది. వేలితో నాచును తాకింది, తెల్లని రాయిని తాకింది, మళ్ళీ నాచును తాకింది.

"బాబాయ్... ఈ పై మెట్లు ఎవరు కడిగారు?"

"నేనే తల్లీ. మొన్న."

"మరి అంతకుముందు... కిందివి?"

అతడు జవాబు చెప్పడానికి నదివైపు తిరిగాడు. "అవీ నేనే. ఇన్నేళ్ళూ."

హోరు ఒక్కటే మాట్లాడింది.

"నాకూ తట్టలేదు బాబాయ్," డాక్టరమ్మ మెల్లగా అన్నది. "మెట్లు అద్దంలా ఉంచుతారని ఆఫీసులో మిమ్మల్ని మెచ్చుకున్నాను కూడా."

"పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటే ఇదే," అన్నది అక్క. కాని చేయి తమ్ముడి వీపు మీద వేసే అన్నది.

కునికిపాట్ల కాపరి అతని మనసులో మెదిలాడు. కుర్చీ, గురక, జానెడు నాచు. ఆ సోమరితనపు నీడలో ఎన్ని తరాల మలుగులు సరస్సు చేరాయో! తెలిసి చేయలేదు పాపం ఆయన. తెలిసి చేయలేదు తాను. ఒకరు తెలియక వాకిలి తెరిచి ఉంచారు. ఒకరు తెలియక మూసి ఉంచారు. భగవంతుడు ఎవరి చేతిని ఎందుకు వాడుకొంటాడో...

ఆ ఆలోచన పూర్తి కాలేదు. లారీ దగ్గర పార ఇసుకలో దిగిన చప్పుడు వినిపించింది.

"నాచు మళ్ళీ పెరగాలంటే..." అన్నాడు.

"రోజులు పడుతుంది," అన్నది డాక్టరమ్మ. "ఇంజనీరుగారు తొట్టిలో చూస్తారు. నాచులో కాదు."

ఆనించడానికి ఏదో ఒకటి కావాలి. గరుకుగా, తడిగా, పోగులు పోగులుగా. కాపరి చూపు చుట్టూ తిరిగి, పెంకుటింటి చూరు క్రింద పడి ఉన్న బొగ్గుల గోనెసంచుల మీద నిలిచింది. నల్లగా, చివికి, మసి కారుతూ ఉన్నవి. ఆ మెట్ల దరిదాపులకు ఎన్నడూ రానియ్యనివి.

"అక్కా, ఆ గోనెలు చింపి, ఒకదానికొకటి కుట్టగలవా?"

"కుడతా. ఉండు, ముందు జాడించుకొస్తా."

"వద్దక్కా."

ఆమె ఆగింది.

"కడగొద్దు," అన్నాడు. "ఉన్నదున్నట్టే తే."

అక్క తమ్ముణ్ణి తేరిపార చూసింది. "ఈ మాట నీ నోట వినేదాకా బతికి ఉన్నాను చూడు," అన్నది. దబ్బనం కోసం లోపలికి వెళ్ళింది.

కుట్టు పొడవుగా, వంకరగా, త్వరగా సాగింది. పిల్లలెవరైనా అలా కుట్టి ఉంటే ఆవిడ విప్పించి ఉండేది. డాక్టరమ్మ ఒక కొస పట్టుకొన్నది. కాపరి బోర్లా పడుకొని, ఆ మసిబట్టను తన తెల్లని రాతి మీద తన చేతులతోనే పరిచాడు. అంచులకు రాళ్ళు పెట్టాడు. క్రింది కొసను నాచు దాకా లాగి కలిపాడు. నల్లని నీరు కొంత సేపు కారింది. ఆ వేళ పెదవుల మీద నామం ఉన్నదో లేదో అతడు గమనించలేదు.

నీరు గోనెలోకి ఇంకింది. పోగులు ఉబ్బాయి.

ఎదురుచూశారు.

ఒక గాజుదారం గోనె అంచును తాకింది. వెనుకకు తగ్గింది. మళ్ళీ తాకింది. తల ఒక పోగు క్రింద దూర్చింది...

"అదేంటి, మెట్ల మీద సంచులేశారు?"

ఇంజనీరుగారు. ఇస్త్రీ ప్యాంటు, మెరిసే బూట్లు, చేతిలో గొడుగు. ఒక మెట్టు దూరంలో నిలబడి తొట్టిలోకి తొంగి చూశాడు. తొట్టిలో నీరు మాత్రమే ఉన్నది.

"ఖాళీయే కదమ్మా."

"సార్, తొట్టి కాదు," డాక్టరమ్మ అన్నది. "ఇక్కడ. కాస్త వంగి చూడండి."

ఆయన మొదట గొడుగు మీద ఆనుకొని వంగాడు. తరువాత గొడుగు ప్రక్కన పెట్టాడు. తరువాత, ప్యాంటు మోకాళ్ళు పైకి లాక్కొని, గొంతుకూర్చున్నాడు. బూటు మొన నీటిలో మునిగింది. ఆయన చూసుకోలేదు.

"ఇవి... బతికున్నవేనా?"

"బతకడానికే వచ్చాయి సార్," అన్నది అక్క.

"ఎక్కడి నుంచి?"

"సముద్రం నుంచి," డాక్టరమ్మ చెప్పింది. "చాలా లోతులో పుడతాయి. పుట్టడం ఎవరూ చూడలేదు."

"మరి ఈ దారి వీటికి ఎవరు చెప్పారు?"

డాక్టరమ్మ కాపరి వైపు చూసింది. కాపరి నీటి వైపు చూశాడు. ఏళ్ళ తరబడి తన పళ్ళెంలో మిగిలిపోయిన ముద్ద అది. ఇప్పుడు మరొకరి చేతిలో ఉన్నది.

"తెలీదు సార్," అన్నాడు.

ఇంజనీరుగారు ఇంకా వంగాడు.

గోనె మీద మొదటిది సగం దూరం వచ్చింది. దాని వెనుక మరి రెండు. ఒకటి జారి, కుట్టు దగ్గర చిక్కుకొని, నిలదొక్కుకొన్నది. అక్క వేసిన వంకర కుట్టు.

"సార్," లారీ దగ్గర నుంచి మేస్త్రీ కేక వేశాడు. "సిమెంటు కలిపేయమంటారా?"

ఇంజనీరుగారు తల తిప్పలేదు. ఒక చేయి మాత్రం పైకెత్తాడు.

ఆగమనో. వస్తున్నాననో. ఆ చేయి గాలిలో అలాగే ఉండిపోయింది.

మొదటిది తొట్టి అంచుకు బెత్తెడు దూరంలో ఆగింది. అలిసిందో, ఆలోచిస్తున్నదో. దాని అద్దపు ఒంట్లో ఏదో ఒక ఎర్రని చుక్క కొట్టుకొంటున్నది.

కాపరి ఊపిరి బిగబట్టాడు.

హోరు.

ఆనకట్ట పొడవునా వెడల్పుగా, తెల్లగా, ఎప్పటిలాగే హోరు. దాని అడుగున చెవి పెట్టి వెదికాడు. గలగల లేదు. గోనెలో, నాచులో, నీరు నోరు మూసుకొని దిగిపోతున్నది. ఆ మూగదనం లోపల, ఇంకా లోపల... చప్పుడని అనరానిది, చప్పుడు కాదని అనలేనిది... ఏదో తడిగా, మెల్లగా, పైకి —